జెడ్డాలో ఫ్యామిలీతో సముద్రంలో దిగే చోటు ఎక్కడ?

మేముండేది రియాద్‌లో. బీచ్ బీచ్ అని పిల్లల్ని ఊరించి జులై సెలవులకు జెడ్డా తీసుకొచ్చాను. పగలు 40 డిగ్రీలు, పైగా ఎర్ర సముద్రం ఉక్క. కారు దిగగానే కళ్లజోడు మీద ఆవిరి పట్టేస్తోంది. మగ్రిబ్ (పొద్దుగుంకే వేళ నమాజు) అయ్యాక సముద్రం ఒడ్డున ఉండే కార్నిష్ రోడ్డుకి వెళ్తే, మేం ఆగినచోట ఈత నిషేధం అని బోర్డు. తెల్లవారుజామున 5:30కి వెళ్లినా గార్డు దిగనివ్వలేదు. ఒభుర్ వైపు ఓ ప్రైవేటు బీచ్‌లో టికెట్ కొన్నాక, మా ఆవిడ వేసుకున్న కాటన్ చుడీదార్ కుదరదు, బుర్కినీయే (ఒళ్లంతా కప్పే ఈత డ్రెస్సు) ఉండాలన్నారు. ఒళ్లంతా కప్పుకున్నా తప్పేనట! హోటల్ వాళ్లని అడిగితే మాల్‌కి వెళ్లమంటున్నారు. శనివారం దాకా ఇక్కడే ఉంటాం. ఆడవాళ్లను మామూలు చుడీదార్‌తోనే, పొద్దున్నే నీళ్లలోకి దిగనిచ్చే పబ్లిక్ బీచ్ జెడ్డా చుట్టుపక్కల ఏదైనా ఉందా?