అప్‌డేట్: బ్యాంకాక్‌లో పగటి స్టాపోవర్, అమ్మతో

ఏప్రిల్ ఎండలో, మాంసం తినని అమ్మతో బ్యాంకాక్ చూడటం కుదురుతుందా అని అడిగాను కదా. హాయిగా కుదిరింది! సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

సువర్ణభూమి నుంచి ఎయిర్‌పోర్ట్ రైల్లో మక్కసాన్ దాకా వెళ్లి, పక్కనే ఫెచ్చబురిలో మెట్రో ఎక్కి సనామ్‌చై దిగాం. అక్కణ్నుంచి వాట్ ఫో బౌద్ధాలయం నాలుగడుగులే. ఎండ ముదరకముందే చూసేయాలి. 46 మీటర్ల శయన బుద్ధుడి పాదాల మీద ముత్యపు చిప్పలతో పొదిగిన 108 శుభచిహ్నాలున్నాయి. వెనకవైపు వరసగా 108 గిన్నెలు, ఒక్కోదాంట్లో ఒక నాణెం వేయాలి. అమ్మ ఒక్కటీ వదల్లేదు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి కాబట్టి పల్చటి నూలు బట్టలే మేలు.

తిండి గురించే నా టెన్షన్ అంతా. అక్కడ కూరగాయల వంటల్లోనూ చేపల సాస్ వేస్తారు. పసుపు జెండా మీద ఎర్రటి థాయ్ అక్షరాల్లో 'జే' (మాంసం, చేపలు లేని తిండి అని గుర్తు) అని ఉన్న బండి వెతకమన్న సలహా బంగారం. అలాంటి బండి దగ్గరే నూడుల్స్ తిన్నాం. అన్నిటికన్నా నచ్చింది మామిడిపండుతో జిగురన్నం. పైన పోసే కొబ్బరిపాలలో చిటికెడు ఉప్పు ఉంటుంది, దాంతోనే ఆ రుచి.

చైనాటౌన్‌లోని యావరాత్ వీధి సాయంత్రానికి గానీ తిండి బండ్లతో నిండదు. రాత్రి ఫ్లైట్ ఉన్నవాళ్లు మాత్రం దాన్ని వదలకండి.