పాత 401(కె) డబ్బుతో బంగారం కొంటే హన్మకొండ లాకర్‌లో పెట్టుకోవచ్చా?

హన్మకొండ వాసి: పొద్దుటి నుంచి ఈ ఫారాలతోనే సరిపోయింది, తల పగిలిపోతోంది. అమెరికాలో పనిచేసినప్పటి 401(కె) (కంపెనీ ద్వారా వచ్చే రిటైర్మెంట్ పొదుపు) డబ్బును గోల్డ్ ఐఆర్‌ఏలోకి (బంగారం ఉంచుకునే సొంత రిటైర్మెంట్ ఖాతా) మార్చి బిస్కెట్లు కొందామనుకుంటున్నా. ఇక్కడ మాకు బ్యాంకు లాకర్ ఉంది, అందులో పెట్టుకుంటానంటే కుదరదంటున్నారు. అమ్మే ఏజెంటేమో ఎల్ఎల్‌సీ (సొంత పేరున చిన్న కంపెనీ) పెడితే ఇంట్లోనే ఉంచుకోవచ్చంటాడు. నా డబ్బుకు ఇన్ని అడ్డంకులేంటి? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

లెక్కల సారు: వయసెంత? గ్రీన్ కార్డు ఉందా? డబ్బు 401(కె) ప్లాన్‌లోనే ఉందా, బయటికొచ్చిందా?

మట్టెవాడ కొట్టు: తమ్మీ, ఎక్కడ కొన్నా ఒకటి గుర్తుపెట్టుకో. మన దగ్గర 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగ మీద అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ గుర్తింపు నంబరు ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే వివరాలొస్తాయి. పెళ్లిళ్ల సీజన్‌లో తులాల లెక్కన కొని, తరుగెంత, మజూరీ ఎంత అని అడగకుండా, బిల్లు కూడా తీసుకోకుండా పోతుంటారు. అమ్ముకునే రోజు మా దగ్గరికొచ్చి ఏడుస్తారు. చూడలేకపోతున్నా.

డల్లాస్ అక్క: అన్నా, మీరు చెప్పింది నిజమే కానీ నగలు ఐఆర్‌ఏలో పనికిరావు. బంగారం 99.5 శాతం, వెండి 99.9 శాతం స్వచ్ఛత ఉండాలి. 22 క్యారెట్లదే అయినా అమెరికన్ ఈగిల్ నాణేనికి చట్టంలోనే మినహాయింపు ఉంది, క్రూగర్‌రాండ్‌కు లేదు. ఇక తమ్ముడూ, లాకర్ సంగతి. ఆ లోహం అమెరికా బ్యాంకు దగ్గరో, ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఆమోదించిన ట్రస్టీ దగ్గరో ఉండాలి. ఏజెంటు చెప్పే ఎల్ఎల్‌సీ దారిలో వెళ్లి నాణేలు ఇంట్లో పెట్టుకున్న ఒకావిడ కేసులో 2021లో టాక్స్ కోర్టు దాన్ని డబ్బు బయటికి తీసుకున్నట్టే లెక్కగట్టింది. ఆ మాట నమ్మొద్దు.

హన్మకొండ వాసి: నాకు 44. హెచ్1బీ మీద పనిచేశా, గ్రీన్ కార్డు లేదు. కాజీపేటలో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉంటున్నాం. ట్రాన్స్‌ఫర్ పెట్టమన్నా, వాళ్లు పన్ను పట్టుకుని నా పేరు మీద చెక్కు పంపారు.

లెక్కల సారు: ఇది మొదటే చెప్పాల్సింది.

నర్సంపేట: ట్రాన్స్‌ఫర్ అంటే ఐఆర్‌ఏ నుంచి ఐఆర్‌ఏకి. 401(కె) నుంచి అయితే రోలోవర్ అనాలి.

లెక్కల సారు: పేరు ఏదైనా పెట్టుకోండి, చెక్కు ఎవరి పేరున ఉందన్నదే ముఖ్యం. కొత్త కస్టోడియన్ (ఐఆర్‌ఏ ఖాతా నడిపే సంస్థ) పేరున వస్తే పన్ను కోత ఉండదు. నీ పేరున వచ్చింది కాబట్టి, అది నీ చేతికందిన రోజు నుంచి 60 రోజుల్లోపు ఐఆర్‌ఏలో వేయాలి. కోసుకున్న 30 శాతం కూడా నీ జేబులోంచి కలిపి వేస్తేనే మొత్తం రోలోవర్ అయినట్టు. ఆ కోత 1040-ఎన్ఆర్ (అమెరికాలో నివాసం లేనివాళ్ల పన్ను రిటర్న్) దాఖలు చేసి వాపసు అడగాలి. వేయని భాగం మీద పన్ను, 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి పైన 10 శాతం జరిమానా. ముందు ప్లాన్ వాళ్లకు ఫోన్ చేసి, ఈ చెక్కు రద్దు చేసి కస్టోడియన్ పేరున ఇస్తారేమో అడుగు. బంగారం తర్వాత.

డల్లాస్ అక్క: మామూలు ఐఆర్‌ఏలో గోల్డ్ ఈటీఎఫ్ (షేర్లలా కొనే బంగారం ఫండు) కొనుక్కోవచ్చు, ఖజానా అద్దె, బీమా గొడవ ఉండదు. కాకపోతే ఇండియా అడ్రస్ చూసి కొన్ని బ్రోకరేజీలు ఖాతా ఇవ్వవు, ముందే కనుక్కో.

నర్సంపేట: ఇండియా వైపు కూడా చూసుకోండి. రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి. ఖాతాలో పెరిగే ఆదాయం మీద ఏటా కాకుండా తీసుకున్నప్పుడే పన్ను కట్టాలంటే 2021 ఫైనాన్స్ చట్టంతో 89ఎ సెక్షన్‌గా వచ్చిన వెసులుబాటు ఉంది, దానికి విడిగా ఫారం ఇవ్వాలి.

మట్టెవాడ కొట్టు: ఈటీఎఫ్ అంటే కాగితమే కదమ్మా. ఆపదలో కుదువ పెట్టాలంటే ఎట్లా?

డల్లాస్ అక్క: ఐఆర్‌ఏలో ఉన్నది కుదువ పెట్టకూడదన్నా, పెడితే ఆ భాగం తీసుకున్నట్టే అవుతుంది.

హన్మకొండ వాసి: థాంక్స్ అక్కా, సారూ. రాత్రి వాళ్ల ఆఫీసు తెరవగానే ఫోన్ చేస్తా. రద్దు చేయమంటే మళ్లీ ఇట్లాగే ఏదైనా ఫారం పంపుతారా?