పైథాన్ కొత్తగా నేర్చుకునేవారికి నోట్‌బుక్ మంచిదేనా?

కొత్తచిగురు: పైథాన్ మొదలుపెట్టాను. జూపిటర్ నోట్‌బుక్‌లోనే (కోడ్‌ను సెల్ అనే ముక్కలుగా రాసి, ఒక్కొక్కటీ నడిపి ఫలితాన్ని దాని కిందే చూసే పనిముట్టు) నేర్చుకోమని కొందరు, దాని జోలికే పోవద్దని కొందరు. ఎవరి మాట వినాలి?

మంచుకొండ: వద్దనేవాళ్లలో నేనొకణ్ణి. ఒక సెల్‌లో ధర = 100 అని రాసి నడిపారనుకోండి (పైథాన్ 3లో చలరాశులకు తెలుగు పేర్లు చెల్లుతాయి). తర్వాత ఆ సెల్ తీసేశారు. తెరమీద ధర లేదు, కెర్నల్ (వెనక ఉండి కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్) జ్ఞాపకంలో ఉంది. కింద ధర * 2 అంటే 200 వస్తుంది. మర్నాడు తెరిచి నడిపితే నేమ్‌ఎర్రర్, అంటే ఆ పేరు తనకు తెలియదంటుంది పైథాన్! తప్పు ఎక్కడుందో కొత్తవారికి ఎలా తెలుస్తుంది? గిట్‌హబ్‌లోని (కోడ్ పంచుకునే సైటు) నోట్‌బుక్‌లపై 2019లో వచ్చిన అధ్యయనం చూడండి. నడిపి చూసినవాటిలో తప్పు లేకుండా పూర్తయినవి సుమారు 24 శాతం, పాత ఫలితాలే మళ్లీ ఇచ్చినవి 4 శాతం.

గోరింట: అవి చాలావరకు చిత్తు ప్రతులండీ. చిత్తు ప్రతిలో కొట్టివేతలున్నాయని తప్పు పడతామా? మీరు నిందిస్తున్న ఆ జ్ఞాపకమే నోట్‌బుక్ బలం. పెద్ద డేటా ఫైలు చదవడానికి నిమిషాలు పడుతుంది. మామూలు ప్రోగ్రామైతే గ్రాఫు రంగు మార్చినా మళ్లీ మొదటినుంచి చదవాలి. ఇక్కడ ఒకసారి చదివితే చాలు, ఆపై ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు. సెల్ పక్కన అంకె ఉంటుంది కదా, [7] కింద [3] కనబడితే వరుస తప్పిందని అర్థం. కెర్నల్‌ను మళ్లీ ప్రారంభించి అన్ని సెల్‌లనూ పైనుంచి నడిపే అలవాటు మొదటి రోజే నేర్పితే మీ నేమ్‌ఎర్రర్ అప్పుడే బయటపడుతుంది.

మంచుకొండ: డేటా విషయంలో మీ మాట నిజం. కానీ అలవాటు నేర్పేదెవరు? నేను చూసిన నోట్‌బుక్‌లలో ఫంక్షన్ రాయాల్సినచోట సెల్‌ను నకలు చేసి కింద అతికించడమే ఎక్కువ. పైగా సొంత మాడ్యూల్‌ను (విడి ఫైలులో రాసుకున్న కోడ్) మార్చి మళ్లీ ఇంపోర్ట్ చేసినా పాతదే పనిచేస్తుంది. ఇక గిట్ (ఫైళ్లలో మార్పులను నమోదు చేసే పనిముట్టు) సంగతి: నోట్‌బుక్ ఫైలు లోపల ఉన్నది జేసన్ అనే డేటా రూపం. కోడ్‌తోపాటు ఫలితాలూ సెల్ అంకెలూ అందులోనే. ఒక్క అక్షరం దిద్దకుండా నడిపినా ఫైలు మారిపోతుంది.

గోరింట: సెల్ తీసేస్తే దాని చలరాశినీ తుడిచేసి, దానిపై ఆధారపడిన సెల్‌లను మళ్లీ నడిపే పనిముట్లు వచ్చాయి. జూలియా అనే భాషకు ప్లూటో, పైథాన్‌కు మారిమో. మారిమో దాచేది మామూలు .పీవై (పైథాన్ కోడ్) ఫైలే, గిట్ తంటా కూడా లేదు.

మంచుకొండ: అందులో ఒకే చలరాశికి రెండు సెల్‌లలో విలువ ఇవ్వనివ్వరు. కొత్తవారికి అదొక తలనొప్పి.

కొత్తచిగురు: నేనింకా లూపులు, ఫంక్షన్ల దగ్గరే ఉన్నాను. డేటా లేదు.

మంచుకొండ: అయితే ఎడిటర్, టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) చాలు. సీఎస్‌వీ (పట్టికగా ఉండే డేటా ఫైలు) తెరిచే రోజున నోట్‌బుక్‌కు రండి.

గోరింట: ఒప్పుకోను. లూపులో మూడు పంక్తులు మార్చి ఫలితాన్ని వెంటనే కిందే చూడడం కన్నా కొత్తవారికి కావలసిందేముంది? ఫంక్షన్ ఇరవై పంక్తులు దాటాక ఫైలుకు మారవచ్చు.