పురుగుమందు కేసులో తల లేవకపోతే ఎప్పుడు పంపాలి?

కోనసీమలో వరికి మందు కొడుతూ ఆర్గానోఫాస్ఫేట్ (ఒక రకం పురుగుమందు) ఒంటికి పట్టి వచ్చేవాళ్ల గురించి ఒక సందేహం. నరం నుంచి కండరానికి కబురు మోసే అసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమ్ ఈ మందు వల్ల ఆగిపోవడంతో నరం చివర అది పేరుకుపోతుంది. కండరం ముందు అదురుతుంది, ఆపైన దాని పొరలో సోడియం లోపలికి పోయే దారులు (సోడియం చానెళ్లు) మొరాయించి చచ్చుబడుతుంది. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ చొంగా కఫమూ ఆపుతుంది గానీ కండరం మీద ఆ కబురు అందుకునే గ్రాహకాల జోలికి పోదు. అంతవరకు సరే. చిక్కల్లా మందు పట్టాక 24 నుంచి 96 గంటల మధ్యనే: చొంగ తగ్గింది, మనిషి మాట్లాడుతున్నాడు, దిండు మీంచి తల మాత్రం లేవదు. దీని వెనకే ఊపిరి కండరాలూ పడిపోవచ్చు. వెంటిలేటర్ లేని పీహెచ్‌సీలో తల ఎత్తి ఉంచే సెకన్లా, ఒక్క ఊపిరిలో లెక్కపెట్టే అంకెలా, దేన్ని నమ్ముతున్నారు? అది ఎంతకి పడితే కాకినాడ పెద్దాసుపత్రికి పంపేస్తున్నారు? ఆక్సిజన్ రీడింగ్ చెప్పకండి, అది పడేసరికి ఆలస్యమైపోతుంది.