అప్‌డేట్: హనుమకొండలో మంచం ఊగింది భూకంపం వల్లేనా?

డిసెంబర్ 4 పొద్దున మంచం ఊగితే భూకంపమేనా, మళ్లీ వస్తుందా అని అడిగాను కదా. భూకంపమే. 2024లో ఆ రోజు ఉదయం 7:27కి ములుగు జిల్లాలో వచ్చింది, తీవ్రత 5.3. హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. మన పాత గట్టి రాతినేలలో కంపనలు చాలా దూరం పోతాయట.

అరుదే కానీ కొత్త కాదు. గోదావరి లోయ కింద పురాతన పగుళ్లున్నాయి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. అప్పుడు అటకమీది గిన్నెలు దొర్లిపడ్డాయని మా పెద్దమ్మ ఇప్పుడు చెబుతోంది!

గోడ పగులు ఇంజనీరుకి చూపించాం, ప్లాస్టర్ వరకేనట. పెద్ద టెన్షన్ తీరింది. మళ్లీ ఎప్పుడొస్తుందో ముందే చెప్పే పద్ధతి ఎక్కడా లేదు. అందుకే పిల్లలు పడుకునే గదిలో బీరువాను గోడకు బిగించాం. మీరూ బిగించండి.