మా అక్క షాపు పేరుతో ఉన్న డాట్‌కామ్‌కి మూడున్నర లక్షలట, ఇదెక్కడి న్యాయం?

మంగళగిరి_మగ్గం:
అందరికీ నమస్తే. మా అక్క 2016 నుంచి మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతోంది, మొదట్లో వాట్సాప్ గ్రూపుల్లో, తర్వాత ఇన్‌స్టాలో. షాపు పేరు ఇక్కడ రాయను గానీ, రెండు మామూలు తెలుగు మాటలు కలిపి పెట్టుకున్న పేరు. అమెరికాలో ఉన్నవాళ్లు కూడా అడుగుతున్నారు కదా, సొంత వెబ్‌సైట్ పెడదామని చూస్తే డాట్‌కామ్ ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు. తెరిస్తే పైన మా పేరు పెద్ద అక్షరాల్లో, కింద ‘పెళ్లి పట్టుచీరలు’, ‘ఆన్‌లైన్ శారీస్’ అంటూ లింకులు, దేన్ని నొక్కినా వేరే కంపెనీల యాడ్లే. ఓ మూలన చిన్నగా ‘ఈ డొమైన్ అమ్మకానికి ఉంది’ అని. అడిగితే మూడున్నర లక్షలన్నారు. కస్టమర్లేమో అలవాటు కొద్దీ డాట్‌కామ్ కొట్టి, ఆ పేజీ చూసి, ‘అమ్మాయ్, మీ సైటు ఏదో తేడాగా ఉంది, నొక్కొచ్చా’ అని అక్కకి ఫోన్లు. డొమైన్ ఎప్పుడు, ఎవరి పేరున రిజిస్టర్ అయిందో చూపించే హూఈజ్‌లో చూస్తే 2011లో రిజిస్టర్ అయినట్టుంది, ఓనరు వివరాలు దాచేశారు. ఒక్క ముక్క రాయకుండా అన్నేళ్లు పట్టుకుని కూర్చోవడం చట్టప్రకారం చెల్లుతుందా? కేసు వేస్తే వస్తుందా?

డొమైన్_దాసు:
నేను ఈ వ్యాపారంలోనే ఉన్నాను, తిట్టే ముందు కాస్త వినండి. 2011లో మీ షాపే లేదు. రెండు మామూలు మాటలు ఖాళీగా కనపడితే ఆయన కొనుక్కున్నాడు, అందులో మోసమేముంది? ఔటర్ రింగ్ రోడ్డు రాకముందు అక్కడ ప్లాటు కొన్నవాణ్ణి ఎవరూ దొంగ అనరు కదా. పైగా ఇందులో కనపడేంత డబ్బు లేదు. 2019లో వాయిస్ డాట్‌కామ్ 3 కోట్ల డాలర్లకు అమ్ముడైందన్న వార్త చదివి కుర్రాళ్లంతా వందల పేర్లు కొనేస్తున్నారు, అందులో చాలావరకు ఎవడూ అడగడు, ఏటేటా రెన్యువల్ కట్టలేక వదిలేసుకుంటారు. కంపెనీ పేరు కనపడగానే దాన్ని కొని బేరం పెట్టేవాళ్లు వేరు, వాళ్లని నేనూ సమర్థించను.

లా_పాయింట్:
మగ్గం గారూ, కేసు సంగతి చెప్తాను. డాట్‌కామ్‌కి యూడీఆర్‌పీ అని 1999లో ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థని చూసే సంస్థ) తెచ్చిన పద్ధతి ఉంది, కోర్టుకి వెళ్లకుండానే తేల్చుకోవచ్చు. అందులో మీరు మూడూ చూపించాలి: పేరు మీ ట్రేడ్‌మార్క్‌లాగే ఉందని, అవతలి వ్యక్తికి దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే రిజిస్టర్ చేసి అలాగే వాడుతున్నాడని. మీకు దెబ్బ పడేది మూడోదాంట్లో. మీ షాపు పుట్టకముందే కొన్న పేరుని మిమ్మల్ని దృష్టిలో పెట్టుకుని కొన్నాడని ఎలా రుజువు చేస్తారు? ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే వైపో అనే అంతర్జాతీయ సంస్థలో వేస్తే, తీర్పు చెప్పే ప్యానెలిస్ట్ ఒక్కరే ఉన్నా ఫీజే 1,500 డాలర్లు, లాయరు ఖర్చు వేరే.

మన దేశంలో డొమైన్ల కోసం విడిగా చట్టం లేదు, ట్రేడ్‌మార్క్ సూత్రాలే వాడతారు. దీనికి పెద్ద దారి చూపించింది మన సత్యం వాళ్ల కేసే. సత్యం ఇన్ఫోవే తన ‘సిఫీ’ పేరుని పోలిన ‘సిఫ్ఫీనెట్’ పెట్టుకున్న కంపెనీ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2004లో కోర్టు డొమైన్ పేరుకీ ట్రేడ్‌మార్క్‌లాంటి రక్షణ ఉంటుందని తేల్చింది. కానీ అక్కడ సత్యం వాళ్లే ముందు వచ్చారు, మీ విషయంలో అది తలకిందులు. ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించుకోండి, పాతవాణ్ణి కదపలేకపోయినా రేపు ఇంకెవడైనా పోలిన పేరుతో వస్తే పనికొస్తుంది.

పాతబ్లాగరు:
దాసు గారి ప్లాటు పోలికలో ఒక తిరకాసుంది. ప్లాటుకి లక్షలు పెట్టాలి, డాట్‌కామ్ పట్టుకుని కూర్చోడానికి ఏడాదికి వెయ్యి రూపాయల చిల్లర చాలు. అంత చవక కాబట్టే వందకి ఒకటి అమ్ముడైనా గిట్టుబాటవుతుందని అందరూ ఎగబడేది, మిగతా తొంభై తొమ్మిదీ ఎవరికీ కాకుండా పడుంటాయి.

ధర ఎంత పని చేస్తుందో తెలియాలంటే డొమైన్ టేస్టింగ్ కథ చూడాలి. అప్పట్లో పేరు కొన్నాక ఐదు రోజుల్లో వద్దంటే డబ్బు మొత్తం వెనక్కి వచ్చేది. కొందరు లక్షలకొద్దీ పేర్లు ప్రోగ్రాముతో కొని, యాడ్లు పెట్టి, జనం వస్తున్న నాలుగు ఉంచుకుని మిగతావి వాపసు చేసేవాళ్లు, మళ్లీ మర్నాడు అదే తంతు. 2008లో ఐకాన్ పరిమితికి మించి వాపసు చేసిన ప్రతి పేరుకీ 20 సెంట్లు వసూలు చేయడం మొదలుపెట్టి, 2009లో దాన్ని పూర్తి ధరకి పెంచింది. 2008 జూన్ నుంచి 2009 ఏప్రిల్‌కల్లా ఆ వాపసులు 99.7 శాతం పడిపోయాయి. ఎవరినీ జైల్లో వేయలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు, ఊరికే వచ్చేదానికి రేటు కట్టారంతే.

నాకు అసలు మంట ఇలా ఉత్త యాడ్లు పెట్టి ఉంచే పార్కింగ్ పేజీల మీద కూడా కాదు, గడువు తీరిన పేర్ల మీద. డాట్‌కామ్ రెన్యువల్ మర్చిపోతే, పేరు మనకి అమ్మిన రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల దాకా టైమిస్తారు, తర్వాత 30 రోజులు జరిమానాతో తెచ్చుకోవచ్చు, ఆ పైన 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు, ఆరో రోజు పేరు బయటికి రావడం ఆలస్యం బాట్లు (వాటంతటవే కొనే ప్రోగ్రాములు) క్షణాల్లో ఎగరేసుకుపోతాయి. మా బ్లాగుల కాలంలో ఒకాయన జానపద పాటలు సేకరించి ఆడియోతో సహా పెట్టిన సైటుండేది. ఆయన పోయాక ఇంట్లోవాళ్లకి రెన్యువల్ అనేదొకటి ఉంటుందనే తెలీదు. ఇప్పుడా అడ్రసు కొడితే రమ్మీ యాప్. మేమంతా మా బ్లాగుల్లో ఇచ్చిన లింకులన్నీ ఇవాళ జనాన్ని పేకాటకి తోలుతున్నాయి. ఆ లింకుల కోసమే కొన్నారు, పేరు అందంగా ఉందని కాదు.

డొమైన్_దాసు:
రమ్మీ బ్యాచ్‌ని నాతో కలపకండి బాబూ. అయినా రేటు పెంచితే ఆ డబ్బు ఎవరికి పోతుంది? డాట్‌కామ్ మొత్తం వెరిసైన్ అనే కంపెనీ చేతిలో ఉంది, ఒక్కో పేరుకి ఏడాదికి తీసుకునేదాన్ని 2024లోనే 10.26 డాలర్లు చేసింది. ఇంకా పెంచితే నాకంటే ముందు మీ జానపద పాటలాయన లాంటివాళ్లే మానేస్తారు.

పాతబ్లాగరు:
అందరికీ పెంచమనలేదు. ఒకే ఓనరు దగ్గర ఇన్నికి మించి ఉంటే రేటు ఎక్కువ అనొచ్చు. అప్పుడు తమ్ముడి పేరా, బామ్మర్ది పేరా అంటారు, తెలుసు. భూముల సీలింగ్ చూసినవాళ్లమే.

సన్నీవేల్_సుబ్బు:
జియోహాట్‌స్టార్ డాట్‌కామ్ గొడవ గుర్తుందా? జియో, హాట్‌స్టార్ రెండూ కలుస్తాయని ఊహించి ఢిల్లీ కుర్రాడొకడు 2023లో ఆ పేరు కొనేశాడు, 2024లో కేంబ్రిడ్జ్‌లో చదువుకి ఫీజు కడితే ఇచ్చేస్తానని అదే సైట్లో ఉత్తరం పెట్టాడు. తర్వాత అది దుబాయ్‌లో ఉండే అన్నాచెల్లెళ్ల చేతికి వెళ్లింది, వాళ్లు ఊరికే ఇచ్చేస్తామన్నారు. నవ్వుకున్నాం గానీ, అంత పెద్ద కంపెనీ కాబట్టి వార్తయింది, మీ అక్కలాంటివాళ్ల సంగతి ఎవరు రాస్తారు?

మగ్గం గారూ, మా స్టార్టప్‌కి కూడా ఇలాగే అయింది, చివర్లో ఒక అక్షరం తీసేసి పెట్టుకున్నాం, ఇప్పటికీ ఫోన్లో స్పెల్లింగ్ చెప్పలేక చస్తున్నాం. మీకు ఆ పని వద్దు. డాట్ ఇన్ ఖాళీగా ఉంటే ఇవాళే తీసేసుకోండి, రేపటికి వాయిదా వేయొద్దు, బేరం మొదలెట్టారు కాబట్టి అవతలివాళ్లు దాన్నీ చూస్తుంటారు.

మంగళగిరి_మగ్గం:
థాంక్స్ అండి అందరికీ. డాట్ ఇన్ దొరికింది, తీసేసుకున్నాం, ట్యాగుల మీద కూడా అదే వేయిస్తున్నాం. డాట్‌కామ్‌కి అక్క నలభై వేల దాకా పెడతానంటోంది. మా రిజిస్ట్రారేమో ముందు కొంత కడితే వాళ్ల బ్రోకరే బేరమాడి పెడతాడంటున్నారు. కట్టమంటారా?

డొమైన్_దాసు:
కట్టకండి. బేరం కుదరకపోయినా ఆ డబ్బు సాధారణంగా వెనక్కి రాదు. షాపు పేరు, అక్క పేరు లేని మామూలు మెయిల్ ఐడీ నుంచి పాతిక వేలతో మొదలెట్టండి. జవాబు రాకపోతే రెండు నెలలు ఆగండి, తొందరపడుతున్నారని తెలిస్తే రేటు దిగదు. కుదిరితే డబ్బు ఎస్క్రో (మధ్యవర్తి దగ్గర డబ్బు ఉంచే పద్ధతి) ద్వారానే పంపండి, పేరు మీ అకౌంట్లోకి వచ్చాకే అతనికి విడుదలయ్యేలా. రెన్యువల్ డేట్ ఎప్పుడో కూడా చూసి పెట్టుకోండి, మాలో చాలామంది అమ్ముడుపోని పేర్లని ఆ నెలలోనే తక్కువకి వదిలించుకుంటాం.