రాత్రిపూట నాలా పనులు ఆపాలా, వద్దా?

నాలా ఒడ్డు ఇల్లు
మాది హైదరాబాద్‌లో నాలాను ఆనుకుని ఉన్న గల్లీ. 2020 అక్టోబర్ 13 రాత్రి మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి, బియ్యం డబ్బా తేలుతుంటే మంచం మీద నిలబడి చూశాం. అందుకే నాలా బాగుచేయొద్దనే మనిషిని కాదు నేను. పూడిక తీస్తాం, వెడల్పు చేస్తాం, గోడ కడతాం అని వచ్చిన రోజు మా గల్లీ ఆడవాళ్లమే పనివాళ్లకు చాయ్ పెట్టించాం.

ఇప్పటికి 18 రాత్రులు అయ్యాయి నిద్రపోయి. పదిన్నరకు బ్రేకర్ మొదలవుతుంది, రెండింటి దాకా బండ మీద కొడుతూనే ఉంటుంది. అది ఆగితే నీళ్లు తోడే డీజిల్ పంపు. తెల్లవారుజామున టిప్పర్లు వెనక్కి వస్తూ కూతలు. మా అత్తయ్యకు 74 ఏళ్లు, బీపీ ఉంది. పాపకు ఇంటర్ పరీక్షలు. కిటికీ దగ్గర ఫోన్‌లో మోత కొలిచే యాప్ పెట్టి చూస్తే 80 డెసిబెల్స్ దాటుతోంది. యాప్ కొంచెం అటూ ఇటూ చూపిస్తుందనుకున్నా, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. శబ్ద కాలుష్యంపై 2000లో వచ్చిన నియమాలను 2010లో సవరించినప్పుడు ఇంకో మాట స్పష్టంగా రాశారు: రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఇళ్ల మధ్య, ఆసుపత్రులు, బడుల చుట్టుపక్కల ఉండే సైలెన్స్ జోన్లలో మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. సైట్‌లో అడిగితే "వానలు పడేలోపు అయిపోవాలి కదమ్మా, మీకోసమే చేస్తున్నాం" అంటారు.

వరద పని కాబట్టి ఈ నియమం పక్కన పెట్టొచ్చా? మీరేమంటారు?

కింది బస్తీ
అక్కా, మీది ఎగువ, మాది దిగువ. ఆ రాత్రి మా ఇంట్ల ఛాతీ దాక వచ్చినయ్ నీళ్లు. మూడు దినాలు పక్క బిల్డింగ్ మీద ఉన్నం, పిల్లల సర్టిఫికెట్లు సుత కొట్టుకపోయినయ్. నాలాల దిగి పని చెయ్యనీకి ఉన్నది సంక్రాంతి నుంచి మే దాక. రాత్రి బందు పెడితే పని సగంల ఆగుతది. తవ్వి వదిలిపెట్టిన నాలా పాత నాలా కంటె డేంజర్. కొన్ని రోజులు ఓర్సుకోండ్రి, రాత్రింబగళ్లు చేసి ఒడగొట్టనియ్యండ్రి.

సైట్ ఇంజినీర్
నేను వేరే సైట్‌లో ఇలాంటి పనే చేస్తాను, అందుకని రాస్తున్నా. "రాత్రి పని" అని అంతా ఒకే మూటలో కట్టకండి. మేడమ్ చెప్పిన మూడు మోతలూ మూడు వేరే సమస్యలు.

పంపు రాత్రి ఆపలేం. ఎండాకాలంలో కూడా మన నాలాల్లో మురుగు పారుతూనే ఉంటుంది. ఇసుక బస్తాలు అడ్డం వేసి, ఊట నీళ్లు తోడుతూ ఉంటేనే గుంత నిలుస్తుంది. నాలుగు గంటలు ఆపితే పక్కమట్టి జారుతుంది, దానితో పాటు ఎవరి ప్రహరీయో కూలుతుంది. కానీ అది డీజిల్ పంపే కానక్కర్లేదు. కరెంటు సబ్‌మెర్సిబుల్ నీళ్లలోనే మునిగి ఉంటుంది, పది గజాల దూరంలో వినబడదు. తాత్కాలిక మీటరు కోసం ముందే దరఖాస్తు పెట్టుకోని చోట్లే డీజిల్ నడుస్తుంది.

టిప్పర్ల సంగతి నిజంగా ఇరకాటమే. పగలు నగరంలో భారీ వాహనాలకు ఆంక్షలున్నాయి కాబట్టి పూడిక, రాళ్లు రాత్రే పోవాలి. ఆ మోతను తగ్గించొచ్చు, పూర్తిగా తీసేయలేం. ఖాళీ బండి తొట్టిలో ముందు రెండు బకెట్ల మట్టి పరిచి, తర్వాత రాళ్లు వేస్తే ఆ ఇనుప చప్పుడు రాదు. ఒకవైపు లోపలికి, ఇంకోవైపు బయటికి దారి ఇస్తే రివర్స్ హారన్ మోగే పనే ఉండదు.

బ్రేకర్‌కు మాత్రం నేను సాకు చెప్పను. 15 మీటర్ల దగ్గర అది దాదాపు 90 డెసిబెల్స్. దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 తగ్గుతుంది. 30 మీటర్లకు 84, 60 మీటర్లకు 78. అంటే గల్లీలో ఏ ఇల్లూ దాన్నుంచి తప్పించుకోలేదు. రేకులో మందపాటి షీట్లో అడ్డం కడితే, మధ్యలో సందు లేకుండా కడితే, 5 నుంచి 10 దాకా తగ్గుతుంది. 45కి రాదు. అయినా బండ కొట్టడానికి రాత్రే కావాలని ఏ ఇంజినీరింగ్ పుస్తకమూ చెప్పదు. నేను చూసినంతలో రాత్రి బ్రేకర్ నడవడానికి కారణం ఒకటే, పగలు అదే యంత్రం ఇంకో సైట్‌లో అద్దెకు తిరుగుతుంటుంది.

నాలా ఒడ్డు ఇల్లు
అంటే 18 రాత్రులూ వానాకాలం భయంతో కాదు, యంత్రం అద్దె కోసమా? ఈ మాట చదివి చేతులు వణికాయి.

సైట్ ఇంజినీర్
మీ సైట్‌లో అదే అని నేను ప్రమాణం చేయలేను మేడమ్. బ్రేకర్ ఎన్ని గంటలు నడిచిందో లాగ్‌బుక్‌లో రాస్తారు. పగటి గంటలు ఖాళీగా ఉన్నాయేమో అడిగి చూడండి.

సియోల్‌లో మనవాడు
నేను ఉంటున్న ఊళ్లో చంగ్యెచన్ అనే వాగు ఉంది. దాన్ని కాంక్రీటుతో కప్పి, పైన ఫ్లైఓవర్ కట్టి, దశాబ్దాల పాటు అలాగే ఉంచారు. 2003 జూలైలో కూల్చడం మొదలుపెట్టి 2005 అక్టోబర్‌కి 5.8 కిలోమీటర్ల వాగును మళ్లీ బయటికి తెచ్చారు. రెండు పక్కలా వేల దుకాణాలు. వ్యాపారులు గట్టిగా అడ్డం తిరిగారు, మోత, దుమ్ము, గిరాకీ పోతుందనే భయం. అక్కడ ఫ్లైఓవర్‌ను సుత్తులతో పగలగొట్టకుండా చాలా భాగం వజ్రపు తీగ రంపాలతో ముక్కలుగా కోసి క్రేన్లతో దించారు. రెండేళ్ల చిల్లరలో పని అయిపోయింది కూడా. మోత తగ్గిస్తే పని ఆలస్యమవుతుందని ముందే ఒప్పేసుకోవద్దని నా విన్నపం.

కింది బస్తీ
తమ్మీ, అది కొరియా, పైసలున్న ఊరు. ఇక్కడ కింద ఉన్నది కాంక్రీటు కాదు, నల్లబండ.

సైట్ ఇంజినీర్
బండ అయితే ఇంకా మేలు అన్నా. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్, కరీంనగర్‌లో గ్రానైట్ దిమ్మెలు కోసేది ఆ వజ్రపు తీగతోనే. ఆ రంపం మన తెలుగు క్వారీల్లో రోజూ తిరిగే పనిముట్టు. ఆపరేటర్లు కూడా మనవాళ్లే.

ఇంకో పద్ధతి ఉంది, ఇళ్ల మధ్య నాకు అదే నచ్చుతుంది. పగలు బండలో వరసగా రంధ్రాలు వేసి, సాయంత్రం సున్నం ఆధారంగా చేసిన క్రాక్ పౌడర్‌ను నీళ్లలో కలిపి పోస్తారు. అది గట్టిపడుతూ ఉబ్బుతుంది. పేలుడు ఉండదు, మోత ఉండదు. అందరూ పడుకున్నాక బండ దానంతటదే పగులుతుంది, పొద్దున జేసీబీ వచ్చి ముక్కలు ఎత్తుకుంటుంది. వేడిని బట్టి పౌడర్ రకం ఎంచుకోవాలి, లేకపోతే ఏప్రిల్ ఎండకు రంధ్రంలోంచి పైకి తన్నుతుంది. బ్రేకర్ కంటే ఖర్చు ఎక్కువ, అది దాచను. కానీ రాత్రిని వాడుకోవాలనుకునేవాళ్లకు రాత్రంతా చప్పుడు లేకుండా పనిచేసే మందు ఇదే.

కింది బస్తీ
ఆ ఖర్చు ఎక్కడ్నుంచి తెస్తరు? ఎగువ గల్లీల నిద్ర కోసం పైసలు ఒడిస్తే, మా దాక వచ్చేసరికి ఫండ్ లేదంటరు. ఇదివరకు అయింది గట్లనే. మీ దగ్గర వెడల్పు అయినంక నీళ్లు ఇంక జోరుగ మా మీదికి వస్తయ్. మా దగ్గర పాత ఇరుకే ఉంటది. మాకు భయం గందుకు. మీ నిద్ర మీద మాకు పగ లేదక్కా.

సైట్ ఇంజినీర్
అన్నా, ఈ చర్చలో అన్నిటికంటే పెద్ద మాట మీరు అన్నారు. వాగు పని దిగువ నుంచి ఎగువకు పోవాలి. కింద బయటికి పోయే దారి పెద్దది చేయకుండా పైన వెడల్పు చేస్తే వరదను వేగంగా తీసుకెళ్లి కింది వాళ్ల ఇళ్లలో పోసినట్టే. మీ ముక్క ముందు కాకుండా ఎగువ ముక్కను రాత్రిళ్లు పరుగులు పెట్టి చేయడంలో తొందర ఎవరిదో నాకూ అర్థం కావట్లేదు.

పాలమూరు బిడ్డ
అందరు కిటికీల లోపటి మోత గురించే రాస్తున్రు. మా నాయన గసుంటి సైట్ల మీద ఇరవై ఏండ్లు చేసిండు. బ్రేకర్ పక్కన మనిషికి కిటికీ ఉండదు. కార్ఖానాల్లనే 8 గంటలకు 90 డెసిబెల్స్ దాటొద్దంటరు, నాలా గుంతల ఎవరు కొలిచిన్రు? చెవులకు ప్లగ్గులు ఇయ్యలే, గుడ్డపీలికలు పెట్టుకున్నడు. రాత్రి డ్యూటీ చేసి పగలు రేకుల షెడ్డుల పండుకుంటే పక్కనే ఇంకో మిషిని. ఇప్పుడు మా నాయనతోని ఫోన్ల మాట్లాడనీకి రాదు, ఎదురుంగ కూసొని పెదవులు చూపియ్యాలె. రాత్రి బందు పెట్టుండ్రి అంటే అది కూలోళ్ల కోసం సుత అడుగుండ్రి.

నాలా ఒడ్డు ఇల్లు
తమ్ముడూ, మాకు ఈ మాట తట్టలేదు. సిగ్గుగా ఉంది. అధికారులకు ఇవ్వబోయే మా కాగితంలో ఇది కూడా రాస్తాం.

పాత చెరువుల మనిషి
నాదొక చిన్న అభ్యంతరం. మోత మొత్తం బండ కొట్టి, నాలాకు కాంక్రీటు బాక్స్ కట్టడంలోంచే వస్తోంది. సింగపూర్‌లో కల్లాంగ్ నది బిషాన్ పార్కు దగ్గర 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువగా ఉండేది. దాన్ని తీసేసి 3.2 కిలోమీటర్ల వంకర వాగుగా మార్చారు, 2012కి పూర్తయింది. గట్లకు మొక్కలు, రాళ్లు, మట్టి. అలా చేయగలిగితే అది పునరుద్ధరణ. ఇరువైపులా ఇళ్లున్న గల్లీలో జాగా లేదని నాకు తెలుసు. కానీ నాలా పక్కన ఖాళీ స్థలమో పార్కో ఉన్నచోట కూడా బాక్సే ఎందుకు?

నాలా ఒడ్డు ఇల్లు
మూడు రోజుల తర్వాత రాస్తున్నా. కాలనీ వాళ్లం పన్నెండు మందిమి కాగితం పట్టుకుని వెళ్లాం. లాగ్‌బుక్ అడిగాం. మొదట ఇవ్వలేదు, తర్వాత చూపించారు. పగలు పదకొండు నుంచి సాయంత్రం దాకా చాలా రోజుల్లో బ్రేకర్ గంటలు సున్నా. నిన్నటి నుంచి రాత్రి బ్రేకర్ ఆగింది. డీజిల్ పంపు ఇంకా ఉంది, మీటరు పదిరోజుల్లో వస్తుందన్నారు, అందాకా చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు, కొంచెం నయం. టిప్పర్లు అలాగే ఉన్నాయి. తొట్టిలో మట్టి పరవమని డ్రైవర్‌కు నేనే చెప్పాను, ఒకతను చేశాడు, ఇంకొకతను చేయలేదు. క్రాక్ పౌడర్ మాట ఎత్తితే "అంచనాలో లేదు" అన్నారు. ఇయర్ ప్లగ్గుల గురించి రాసుకున్నారు, ఇంతవరకు ఎవరి చెవిలోనూ చూడలేదు.

కింది బస్తీ అన్నా, మీ ముక్క ముందు ఎందుకు చేయలేదని కూడా అడిగాం. జవాబు రాలేదు. ఆదివారం పొద్దున పది గంటలకు అధికారి మా గల్లీకి వస్తానన్నారు. మీ బస్తీ నుంచి ఒక నలుగురు రండి. ఆ ప్రశ్న మీ నోటితో అడిగితే వేరుగా ఉంటుంది.

కింది బస్తీ
వస్తమక్కా. 2020 ఫొటోలు నా ఫోన్ల ఉన్నయ్, తెస్త.